బైరాన్‌పల్లి బురుజుకు సిమెంటు పూయకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లి వెళ్లి బురుజు చూసొచ్చాను. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం ఊరి మీద పడినప్పుడు వడిసెలలు, నాటు తుపాకులతో ఊరివాళ్లు ఎదురునిలిచింది ఈ బురుజు మీంచే. ఫిరంగుల ముందు ఆగలేకపోయారు. సరిగ్గా 21 రోజులకు నిజామే లొంగిపోయాడు.

ఇప్పుడు రాళ్ల సందుల్లో మొక్కలు మొలిచాయి. ఎవరో ఇటుక ముక్కతో ప్రేమికుల పేర్లు కూడా గీకారు! బాగుచేస్తామంటూ సిమెంటు పూసి రంగులేస్తారేమోనని నా టెన్షన్. మొక్కలు వేళ్లతో సహా పీకించి, సందుల్లో గానుగ సున్నం దట్టిస్తే చాలు. ఊళ్లో ఎవరింట్లోనైనా ఆనాటి వడిసెలో, తూటానో మిగిలుంటే అడిగి తీసుకుని, పక్కనే చిన్న గదిలో పెట్టించాలి.

– ఒక పాఠకుడు, జనగామ