మా కాగితాలను మాకే చదివి చెప్పిన న్యాయవాది గారికి

పని ఆలస్యమైందంటూ, ఆ పని అప్పగించిన వారితో మా చిన్న నిర్మాణ సంస్థకు వచ్చిన వివాదం, మధ్యవర్తిత్వం దాకా వెళ్లకుండానే గత వారం రాజీతో ముగిసింది. మాకు గడువు పొడిగింపు లభించింది. జరిమానా కింద బిల్లుల్లో కోసిన సొమ్ము తిరిగి వచ్చింది. మా బ్యాంకు గ్యారంటీని సొమ్ము చేసుకుంటామన్న నోటీసును అవతలి పక్షం వెనక్కి తీసుకుంది. ఇందుకు కారకులైన మా న్యాయవాది గారికి నలుగురి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవడం నా విధి.

మా ఒప్పందం, కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫిడిక్ 1999లో వెలువరించిన రెడ్ బుక్ అనే నిర్మాణ ఒప్పంద నమూనాలో ఉంది. దానిలోని 20.1 క్లాజు ప్రకారం, అదనపు గడువు గానీ అదనపు సొమ్ము గానీ కోరే కాంట్రాక్టరు, అందుకు దారితీసిన సంగతి తనకు తెలిసిన లేదా తెలిసి ఉండవలసిన నాటి నుంచి 28 రోజుల్లోగా, పనిని పర్యవేక్షించే కన్సల్టెంట్ ఇంజనీరుకు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే పని ఎవరి వల్ల ఆగినా అడిగే హక్కు ఉండదు. మేము నోటీసే ఇవ్వలేదన్నది అవతలి వారి వాదన. మేమూ అదే నిజమనుకొని కుంగిపోయాము.

మా న్యాయవాది గారు మాత్రం మా జ్ఞాపకాన్ని నమ్ముకోలేదు. ఆఫీసులో మూలన పడి ఉన్న మూడు అట్టపెట్టెల కాగితాలు తెప్పించుకొని సైట్ డైరీని మొదటి పేజీ నుంచి చదివారు. సిమెంటు మరకతో అతుక్కుపోయిన ఒక పేజీని మెల్లగా విడదీసి, "రెండో స్లాబు కడ్డీల డ్రాయింగులు రాలేదు, సెంట్రింగ్ వాళ్లు ఖాళీ" అని మా సైట్ ఇంజనీరు రాసిన వాక్యం పక్కన పెన్సిలుతో గీత గీశారు. ఆ తేదీ పట్టుకొని ఉత్తరాల ఫైలు వెతికితే, అప్పటి నుంచి 19వ రోజున అతడే కన్సల్టెంటుకు పంపిన నాలుగు వరుసల ఉత్తరం, అందినట్టు వేసిన ముద్రతో సహా దొరికింది. అందులో క్లెయిము అన్న మాట ఎక్కడా లేదు; అయినా పని దేనివల్ల ఆగిందో, అందుకు గడువు ఎందుకు పెంచాలో తేటగా ఉందని, ఆ క్లాజు కోరేది అంతేనని ఆమె వాదించి ఒప్పించారు.

వానల వల్ల పోయిన రోజులనూ కలపాలని నేను పట్టుబట్టాను. ఆ రోజులకు నోటీసు లేదని, పైగా డైరీలోని కూలీల హాజరు పని జరిగినట్టే చూపుతోందని చెప్పి ఆమె వాటిని తీసివేయించారు. ఆ రోజు నాకు బాధ కలిగింది. మిగిలిన లెక్కను అవతలి వారు నమ్మి ఒప్పుకోవడానికి ఆ తీసివేతే కారణమని ఇప్పుడు తెలుస్తోంది.

మేస్త్రీలకు, కూలీలకు ఉన్న బకాయిలు సోమవారం చెల్లించేశాము. ఆ నాలుగు వరుసలు రాసిన మా సైట్ ఇంజనీరుకు ఆమె స్వయంగా ఫోన్ చేసి మెచ్చుకున్నారట. అందుకు కూడా ఆమెకు నా నమస్కారాలు.