31 కాకసస్ గైడ్లు ఎందుకు అమ్మడం లేదంటే

జార్జియా, ఆర్మీనియా, అజర్‌బైజాన్ మూడూ కలిపిన టూరిస్టు గైడ్ పుస్తకం కోసం మా కొట్లో 22 మంది ముందే డబ్బు కట్టారు. పార్సిల్ వచ్చి పన్నెండు రోజులైంది. పుస్తకం ఇవ్వలేదు, ఫోన్ చేసినవాళ్ళకు సరైన జవాబూ చెప్పలేదు. తప్పు నాదే. వచ్చినవి కొత్త పుస్తకాలు కావు.

అట్ట మీద ‘కొత్త ముద్రణ 2024’ అని బంగారు రంగు స్టిక్కర్ ఉంది. లోపల కాపీరైట్ పేజీ తిప్పితే 2018. ఎడిషన్ వేరు, రీప్రింట్ వేరు. ఎడిషన్ అంటే ఎవరో ఒకరు మళ్ళీ ఆ ఊళ్ళు తిరిగి దిద్దినది. రీప్రింట్ అంటే పాత పేజీలకే కొత్త కాగితం. 2018 ఎడిషన్‌లో ఉండే బస్సు వేళలు ఇంకా ముందటివి, రాసి అచ్చుకు వెళ్ళేసరికే ఏడాది గడుస్తుంది కాబట్టి.

సప్లయర్‌కు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: “టూరిస్టు పుస్తకమే కదండీ, చర్చిలు ఎక్కడికి పోతాయి?” ఇన్నేళ్ళ లావాదేవీలో ఇలాంటి మాట పడలేదు. వాపసు కూడా తీసుకోనన్నారు. ఆయన పేరు చెప్పను, ఆయన సరుకు మాత్రం ఇక ఈ కొట్లోకి రాదు.

చర్చిలు పోలేదు, దారులు పోయాయి. ఈ పుస్తకంలో 26 పేజీలు అప్పట్లో ఆర్మీనియన్ల చేతిలో ఉన్న కొండప్రాంతం నగోర్నో-కరబాఖ్ మీదే. ఆర్మీనియాలోని గోరిస్ నుంచి లాచిన్ మీదుగా అక్కడి ముఖ్య నగరం స్టెపానకెర్ట్ వెళ్ళడం, అక్కడ బస, అన్నీ వివరంగా ఉన్నాయి. 2023 సెప్టెంబరులో ఆ ప్రాంతం మొత్తం అజర్‌బైజాన్ చేతికి వెళ్ళింది. లక్షమందికి పైగా ఆర్మీనియన్లు అదే దారిలో ఊళ్ళు విడిచి వచ్చేశారు. మూడు దేశాలూ ఒకే చుట్టులో చూడమంటూ ఇచ్చిన ప్లాన్ అంతా జార్జియా రాజధాని త్బిలిసి నుంచి అజర్‌బైజాన్ రాజధాని బాకు వెళ్ళే రాత్రి రైలు మీద నిలబడింది. అజర్‌బైజాన్ నేల సరిహద్దులు మూసిన 2020 మార్చిలోనే ఆ రైలు ఆగింది.

మరి 31 కాపీలు ఏం చెయ్యాలి? నిద్ర చెడగొట్టింది ఇదే. ఆ 26 పేజీలూ బ్లేడుతో తీసేద్దామనుకున్నాను. కుట్టు బైండింగ్‌లో ఒక కాగితం కోస్తే అదే ఫారంలో (కలిపి మడిచి కుట్టిన కాగితాల కట్టలో) దానికి జంటగా ఉన్నదీ వదులైపోతుంది, తతేవ్ మఠం అధ్యాయం సగం ఊడి వస్తుంది. సగం ధరకు పెడదామంటే, కొన్నవాళ్ళు చదివి ఊరుకోరు, వెళ్తారు. తూకానికి వేద్దామంటే చేతులు రాలేదు. హఘ్‌పాత్, సనాహిన్ మఠాల మీద, సోవియట్ కాలపు యెరెవాన్ కట్టడాల మీద అంత మంచి రాత ఈ మధ్య గైడ్లలో చూడలేదు. మూడుసార్లు నిర్ణయం మార్చుకుని చివరికి ఇలా అనుకున్నాను: లోపలి అట్టకు ఎర్ర చీటీ అంటించి, మూడో వంతు ధరకు, కొట్లోనే, చదువుకునేవాళ్ళకు మాత్రమే ఇస్తాను. టికెట్ బుక్ చేసుకున్నారా అని అడుగుతాను. చేసుకుంటే అమ్మను. చాదస్తమంటారా, అనుకోండి.

ఇదే పనిగా మిగతా అల్మరా కూడా వడబోశాను. మీ ఇంట్లో ఉన్నవాటికీ ఈ పరీక్షలు పెట్టుకోవచ్చు. క్రొయేషియా ధరలు కునాల్లో (ఇప్పుడు యూరో) ఉంటే 2023కు ముందుది. బల్గేరియా ధరలు లెవాల్లో (ఇప్పుడు అక్కడా యూరోనే) ఉంటే 2026 జనవరికి ముందుది. కజకిస్థాన్ రాజధాని ‘నూర్-సుల్తాన్’ అని ఉంటే 2019–2022 మధ్య రాసినది, 2022లో మళ్ళీ అస్తానా అయింది. ఉజ్బెకిస్థాన్‌లో డాలర్లు బజారులోనే మార్చుకోండి, బ్యాంకులో వద్దు అంటే 2017 సెప్టెంబరుకు ముందటి మాట. అప్పుడు వాళ్ళ కరెన్సీ సోమ్‌కు రెండు రేట్లుండేవి, ఇప్పుడు లేవు. జార్జియాలో చియాతురా రోప్‌వేల ఫొటోలో తుప్పు పట్టిన ఇనప డబ్బాలుంటే పాతది, కొత్తవి 2021లో వచ్చాయి.

వీసా పేజీని మాత్రం ఎంత కొత్త పుస్తకంలోనైనా నమ్మవద్దు. ఇంగ్లీషు గైడ్లు అమెరికా, యూరప్ పాస్‌పోర్టులను మనసులో పెట్టుకుని రాస్తాయి. ‘జార్జియాలో వీసా లేకుండా ఏడాది ఉండవచ్చు’ అన్న వాక్యం మన పాస్‌పోర్టుకు చెందదు. త్బిలిసిలో మెడిసిన్ చదువుతున్న పిల్లల్ని చూడ్డానికి వెళ్ళే తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. తప్పు అటువైపూ ఉంటుంది: కజకిస్థాన్‌కు భారతీయులు 14 రోజులు వీసా లేకుండా వెళ్ళవచ్చని 2022 జులైకి ముందటి పుస్తకాల్లో ఉండదు. కొసొవోను మన దేశం గుర్తించలేదు, అక్కడికి వెళ్ళాలంటే వీసా సంగతి తేల్చుకున్నాకే గైడ్ కొనండి. కొసొవోలోకి అల్బేనియా వైపునుంచి వెళ్ళి, అటునుంచి నేరుగా సెర్బియాలోకి దిగాలంటే సెర్బియావాళ్ళు ఒప్పుకోరు, కొసొవో తమదేనంటారు కాబట్టి. ఈ హెచ్చరిక లేని బాల్కన్ గైడ్‌ను పక్కన పెట్టెయ్యండి.

ఇంకొకటి, ఊరి పేరు స్థానిక లిపిలో కూడా అచ్చయి ఉందో లేదో చూడండి. త్బిలిసిలో దిదుబే స్టేషన్‌లో మార్ష్రుత్కా (అక్కడి షేర్ వ్యాను) అద్దం వెనక పెట్టే పలక చాలాసార్లు జార్జియన్ లిపిలోనే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ‘కుతైసి’ అని రాసుకుని వెళ్తే పోల్చుకోవడానికి ఏమీ దొరకదు. మ్యాపులు కూడా కొనేముందే విప్పి చూడాలి. ఆర్డరు మీద ఒక్కో కాపీ అచ్చేసే పుస్తకాల్లో అవి బూడిద రంగులో అలుక్కుపోయి, సందుల పేర్లు కనిపించవు. అలాంటివి 9 దొరికాయి, తీసేశాను.

ఒకప్పుడు మాస్కోలో తెలుగులోనే అచ్చయి వచ్చిన పుస్తకాలు చదివి సమర్‌కంద్ కలగన్నవాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు. వాళ్ళకు ఒకటే చెప్తున్నాను: బస్సులకు, బసకు సన్నటి తాజా గైడ్ ఒకటి, చరిత్రకు ఎంత పాతదైనా పరవాలేని పుస్తకం ఒకటి. రెండు పనులూ ఒకదానితోనే కావాలంటే ఇలాగే 2018 దగ్గర ఆగుతారు.

డబ్బు కట్టిన 22 మందికి: వాపసు కావాలంటే రసీదు తెండి, అప్పటికప్పుడే ఇచ్చేస్తాను. పుస్తకమే కావాలంటే జార్జియాకు, ఆర్మీనియాకు విడివిడిగా తాజా ఎడిషన్లు వేరేచోటినుంచి తెప్పిస్తున్నాను. రెండింటికీ కలిపి ధర ఎక్కువవుతుంది, ఆ తేడా నాది. ఈసారి కాపీరైట్ పేజీ ఫొటో ముందు పంపితేనే డబ్బు కడతానని చెప్పాను. అందుకే మూడు వారాలంటున్నాను. అంతకన్నా ముందే ప్రయాణం ఉన్నవాళ్ళు తేదీ రసీదు వెనక రాసి ఇవ్వండి, ముందు వచ్చినవి వాళ్ళకే.