ఈ ఊరి లెక్కలో మేమూ ఉన్నాం

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

మేమిద్దరం క్షేమం. ఆయన ఉద్యోగం బాగానే ఉంది, నా పని ఎప్పట్లాగే ఇంటి నుంచే. మనిషి జాడ లేని చోట ఉన్నామని అమ్మ బెంగ పెట్టుకుందని అక్క చెప్పింది. అమ్మా, ఇది అడవి కాదు, ఊరే. ఫ్రాన్స్‌లో దాదాపు 35,000 కమ్యూన్లు, అంటే మన పంచాయతీల్లాంటివి, ఉంటే సగానికి పైగా 500 జనాభా దాటనివే. మా ద్రోమ్ జిల్లాలోనే రోష్‌ఫూర్షా అని ఒకటుంది. జనాభా లెక్కల్లో ఏళ్ల తరబడి అక్కడ ఒక్కరే. అయినా ఆ ఊరికీ మేయరున్నాడు, కౌన్సిలుంది.

నాన్నా, జనవరిలో జనగణన ఆవిడ మా ఇంటికీ వచ్చింది. పదివేల లోపు ఊళ్లలో ఐదేళ్లకోసారి అందరినీ లెక్కిస్తారు. ఇంటికో కాగితం, మనిషికో కాగితం. ఏ దేశం వాళ్లయినా సరే, ఇక్కడ కాపురముంటే లెక్కలోకి వస్తారు. 2001లో మీరు బడి అయ్యాక ఆ పెద్ద ఫారాలు పట్టుకుని ఇంటింటికీ తిరగడం గుర్తొచ్చింది. నా కాగితం నింపుతుంటే గొంతు పూడుకుపోయింది.

ఇక్కడి బడి పిల్లల్లేక ఎప్పుడో మూతపడింది. ఆ గదే ఇప్పుడు మేయరు ఆఫీసు. గోడకు నల్లబల్ల అలాగే ఉంది. బయట రాతి స్తంభం మీద 1914-18 యుద్ధంలో పోయినవాళ్ల పేర్లున్నాయి, ఒకే ఇంటిపేరు మూడుసార్లు వస్తుంది. ఇంత చిన్న ఊరి నుంచి అంతమంది! వెర్డున్ దగ్గర ఆ యుద్ధంలో నేలమట్టమైన ఆరు ఊళ్లలో ఈనాటికీ ఒక్కరూ లేరు. అయినా వాటిని లెక్కల్లోంచి కొట్టేయలేదు, మేయర్లను పెడుతూనే ఉన్నారు. శ్రీశైలం నీళ్లలో మునిగిన నాయనమ్మ ఊరికి కూడా ఎవరైనా అలా పేరు నిలిపితే ఎంత బాగుండేది!

ఒంట్లో బాగోకపోతే ఎలా అంటావేమో అమ్మా. దగ్గర్లో ‘దీ’ అనే పట్నంలో ఆసుపత్రి ఉంది, అత్యవసర వైద్యానికి 15 నంబరుకు ఫోన్ చేస్తే చాలు. అంతకన్నా ముందు పక్కింటి ముసలమ్మ ఉంది. పొద్దెక్కినా మా కిటికీ రెక్కలు తెరుచుకోకపోతే వచ్చి తలుపు బాదుతుంది. రొట్టెల బండి హారన్ కొడితే ఊరంతా రోడ్డు మీదే, నిలబడి కబుర్లే కబుర్లు. నా భాష కూడా అక్కడే కుదుటపడింది. టెన్షన్ పడకు.

నాన్నా, అమ్మ మోకాలు డాక్టరుకు చూపించండి, పండగ అయ్యాక చూద్దామని వాయిదా వేయొద్దు. అక్క పిల్లలకు ముద్దులు.

మీ చిన్నమ్మాయి