క్రియాటిన్ డబ్బా, ఆరు లీటర్ల నీళ్ళు

తల్లీ,

ఫోన్లో నీ గొంతు వినగానే తెలిసింది, బాగా టెన్షన్ పడుతున్నావని. జిమ్‌కి వెళ్ళేవాళ్ళు కండబలం కోసం వేసుకునే ఆ క్రియాటిన్ పొడి మొదలుపెట్టి వారం తిరక్కుండానే కిలోన్నర బరువు పెరిగావు. దానికి తోడు, రోజుకి ఆరు లీటర్ల నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పోతాయని జిమ్‌లో ఎవరో భయపెట్టారు. ఫోన్లో చెబితే సగం వినకముందే అడ్డు తగులుతావు కాబట్టి రాస్తున్నాను.

పెరిగింది కొవ్వు కాదు, నీళ్ళు. క్రియాటిన్ కండరంలోకి వెళ్తూ తనతోపాటు నీళ్ళనీ లోపలికి లాక్కుంటుంది. అందులోనూ నువ్వు కండరాలు దానితో త్వరగా నిండాలని, లోడింగ్ పేరుతో రోజుకి 20 గ్రాములు వేసుకుంటున్నావు. తప్పని అనను గానీ, అంత తొందర దేనికి? రోజుకి 3 నుంచి 5 గ్రాములు వేసుకున్నా మూడు నాలుగు వారాల్లో కండరాలు అంతే నిండుతాయి, కడుపు ఉబ్బరం బాధా తప్పుతుంది.

ఇదేమీ కొత్త మందు కాదు. షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1832లోనే మాంసం నుంచి దీన్ని వేరుచేశాడు. మన ఒళ్ళే రోజుకి గ్రాము దాకా తయారు చేసుకుంటుంది. బరువు ఎత్తే ఆ కొద్ది సెకన్లలో కండరం ఏటీపీ అనే ఇంధనాన్ని గబగబా ఖర్చుపెడుతుంది, కండరంలో క్రియాటిన్ నిల్వ ఉండే రూపమైన ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని అప్పటికప్పుడు మళ్ళీ నింపుతుంది. అందుకే సెట్టు చివర ఇంకో రెండు రెప్స్ పడతాయి. గంటసేపు మెల్లగా పరిగెత్తేవాళ్ళకి దీనితో పెద్దగా ఒరిగేదేం లేదు. నువ్వు మాంసం ముట్టవు కాబట్టి నీ కండరాల్లో నిల్వ తక్కువే ఉంటుంది, తేడా ఇంకాస్త బాగా తెలియొచ్చు.

ఇక నీళ్ళు. క్రియాటిన్ వేసుకుంటే ఒళ్ళు ఎండిపోతుందని, కండరాలు పట్టేస్తాయని అంటారు గానీ, పరీక్షించి చూసిన చోట ఆ మాట నిలబడలేదు. నిజానికి నాకు ఆ ఆరు లీటర్లంటేనే భయం. తక్కువ వ్యవధిలో అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులతో మొదలై ఫిట్స్ దాకా పోవచ్చు. ఎంత తాగాలో నీ చెమటే చెబుతుంది. వ్యాయామానికి ముందు, తర్వాత చెమట తుడుచుకుని బరువు చూసుకో. అరకిలో తగ్గితే అర లీటరు పైచిలుకు నీళ్ళు బాకీ అన్నమాట. అది తర్వాత రెండు మూడు గంటల్లో నెమ్మదిగా తాగు. మూత్రం లేత పసుపుగా ఉంటే చాలు, అచ్చం నీళ్ళలా ఉండాలని లేదు.

పొడిని నీళ్ళు లేకుండా నోట్లో వేసుకునే వీడియోలు చూసి నువ్వూ మొదలుపెట్టకు, పొరబోతే ఊపిరాడదు. గోరువెచ్చని నీళ్ళలో కలుపు. చల్లని నీళ్ళలో సరిగ్గా కరగదు, గ్లాసు అడుగున ఇసుకలా పేరుకుంటుంది. అలా మిగిలితే ఇంకాసిని నీళ్ళు పోసి తిప్పి తాగెయ్, అసలు సరుకంతా అక్కడే ఉంటుంది. డబ్బా వెనక లేబుల్ ఫోటో పెట్టు. క్రియాటిన్ మోనోహైడ్రేట్ కాకుండా ఇంకేవేవో కలిపి ఉంటే అది వద్దు.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. వచ్చే నెల రక్త పరీక్షకి వెళ్ళినప్పుడు క్రియాటిన్ వాడుతున్నానని డాక్టరుకి ముందే చెప్పు. ఇది ఒంట్లో క్రియాటినిన్‌గా మారుతుంది, కిడ్నీల పనితీరుని లెక్కగట్టేది దాన్ని బట్టే. కిడ్నీలు బాగానే ఉన్నా ఆ అంకె కొంచెం ఎక్కువ రావొచ్చు. అనుమానం వస్తే సిస్టాటిన్ సి అనే ఇంకో పరీక్ష రాస్తారు. రిపోర్టు రాగానే నాకు పంపు, జిమ్‌లో వాళ్ళకి చూపించకు.

నాన్న