ఊడి వచ్చిన స్పిండిల్ పిన్, సాయం పట్టిన చేతులు

నిన్న సాయంత్రం నా 1976 డాట్సన్ 280జెడ్ కారు మళ్ళీ నేల మీదకి దిగింది. మూడు వారాలు స్టాండ్ల మీద ఉండిపోయిన బండి. దింపింది నేనొక్కణ్ణే కాదు కాబట్టి ఈ పోస్ట్.

క్లచ్ వదిలినప్పుడల్లా వెనకాల టక్కుమని చప్పుడు. మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వెనక భాగం పక్కకి జరిగినట్టుండేది. కింద దూరి చూస్తే కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే ఇనప చెయ్యి) కీళ్ళలో ఉండే బుష్‌ల రబ్బరు ఎండిన చింతకాయ పెంకులా పగిలి ఉంది. యాభై ఏళ్ళకు దగ్గరపడ్డ రబ్బరు, దాన్నేమని తిడతాం?

లోపలివైపు బుష్‌లు ఒక్క పూటలో వచ్చేశాయి. అసలు గొడవంతా బయటివైపు. ఈ బండిలో ఆర్మ్‌నీ, చక్రాన్ని మోసే స్ట్రట్ అడుగునున్న హౌసింగ్‌నీ కలిపేది పొడవాటి పిన్ను ఒక్కటే, అదే స్పిండిల్ పిన్. దాని నడుమ అడ్డంగా చిన్న లాక్ పిన్. మా ఒహాయోలో చలికాలం రోడ్ల నిండా ఉప్పే. లాక్ పిన్ వచ్చింది గానీ పెద్దది తుప్పు పట్టి హౌసింగ్‌కి అతుక్కుపోయింది. నేను తెలివిగా సుత్తి అందుకున్నాను. పిన్ను ఇసుమంతైనా కదల్లేదు, కొస మాత్రం పాత ఉలి తలలా పరుచుకుంది, మరలన్నీ పోయాయి.

రాత్రి ఎనిమిదిన్నరకి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే మా బాబాయికి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున్న. ఫోన్‌లో పిన్ను చూసీ చూడగానే, "ఒరేయ్, సుత్తి అవతల పారెయ్. కొట్టేకొద్దీ లావెక్కి ఇంకా బిగుస్తుంది. లాగాలిరా దాన్ని" అన్నాడు.

లాగే పుల్లర్ తెచ్చింది డేటన్‌లో ఉండే అన్న. ఒక్కసారి ఎక్కడో పండగలో కలిశాం, అంతే పరిచయం. శనివారం పొద్దున్నే 70 మైళ్ళు వచ్చాడు. మందపాటి పైపు ముక్క, పొడవాటి నట్టు, లావుపాటి రాడ్డు, నడుమ ఒక బేరింగ్, అన్నీ తనే కూర్చుకున్నవి. బాగున్న కొసకి తగిలించి, హౌసింగ్‌ని వేడి చేసి, రెంచి మీద ఇద్దరం వేలాడాం. చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి ఠాప్‌మని పేలినట్టు చప్పుడు! ఇద్దరం వెనక్కి దూకాం. చూస్తే పిన్ను గోరంత బయటికొచ్చింది, కింద కార్డ్‌బోర్డు మీద ఎర్రటి తుప్పు పొడి. ఆ తర్వాత నెమ్మదిగా వచ్చేసింది. కుడివైపుది గంటలో అయిపోయింది.

ఎదురింటి పెద్దాయన, రిటైర్డ్ మెషినిస్టు, పాత బుష్‌ల ఇనప గుల్లల్ని ఆర్మ్‌కి గీత పడకుండా హాక్సా బ్లేడుతో లోపల్నుంచి కోసి, కొత్తవి తన ప్రెస్సులో ఎక్కించాడు. చల్లబడి కాస్త కుంచించుకుంటే సులువుగా ఎక్కుతాయని, ముందు రోజు రాత్రి ఆ కొత్త బుష్‌లు మా ఫ్రీజర్‌లో గోంగూర పక్కనే పడుకున్నాయి. మా ఆవిడ చూసి ఒక్క మాట అనలేదు. అందుకు తనకి ప్రత్యేకంగా థాంక్స్.

నట్లు చివరిసారి బిగించింది బండి బరువు చక్రాల మీద పడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుందని అదీ బాబాయి చెప్పిందే.

పుల్లర్ ప్రస్తుతం మా ఇంట్లోనే ఉంది. 240, 260, 280 జెడ్‌లలో ఏది ఉన్నవాళ్ళైనా వచ్చి తీసుకెళ్ళండి, అన్న ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు.