బిద్రీ పాత్ర అడుగున చేసినవారి పేరు ఉండాలి

సంపాదకులకు,

నా పదవీ విరమణ రోజున సహోద్యోగులు ఒక బిద్రీ కూజాను కానుకగా ఇచ్చారు. నల్లని లోహం మీద వెండి తీగెతో పొదిగిన ఆ పూలకొమ్మ ఎవరి చేతిపనో తెలుసుకోవాలని కూజాను తిరగేసి చూస్తే, అడుగున ధర చీటీ తప్ప మరేమీ కనిపించలేదు. కొన్న దుకాణానికి వెళ్లి అడిగితే తమకూ తెలియదన్నారు.

ఈ కళ పుట్టిన సంప్రదాయంలో పనివాడి పేరుకు ఇలాంటి గతి పట్టలేదు. వెండి బంగారు పాత్రలలో తినడం, తాగడం తగదన్న హదీసు (ప్రవక్త బోధ) ఉన్న ఇస్లామిక్ ప్రపంచంలో, కంచు, ఇత్తడి పాత్రల మీద వెండిని పొదిగే విద్య ఎంతో ఎత్తుకు ఎదిగింది. ప్రస్తుతం రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్న ఒక కంచు బాల్చీని హిజ్రీ 559లో, అంటే క్రీ.శ. 1163లో, నేటి అఫ్గానిస్థాన్‌లోని హెరాత్ నగరంలో చేశారు. పోత పోసిన ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వాహిద్ పేరు, వెండి, రాగి పొదిగిన మసూద్ ఇబ్న్ అహ్మద్ పేరు రెండూ దాని మీదే చెక్కి ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలోని 1232 నాటి ఇత్తడి కూజా తనను నేటి ఇరాక్‌లోని మోసుల్‌లో షుజా ఇబ్న్ మనా చేశాడని తానే చెబుతుంది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న, ఈజిప్టు, సిరియాలను ఏలిన మమ్లూకుల కాలపు పెద్ద గంగాళం మీద ముహమ్మద్ ఇబ్న్ అల్ జైన్ తన పేరును ఒకటి కాదు, ఆరు చోట్ల చెక్కుకున్నాడు. వాటిలో కొన్ని, వెతికితే తప్ప కనిపించనంతగా బొమ్మల్లో కలిసిపోయి ఉంటాయి. పేరు చెక్కితే అందం చెడుతుందనేవారికి ఆ గంగాళమే జవాబు.

బహమనీల రాజధాని బీదరులో వేళ్లూనిన బిద్రీ పని కూడా ఆ పొదుగు విద్య కోవలోదే. బీదరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం కాబట్టి, మన పాతబస్తీకీ ఈ పనితో పాత అనుబంధమే ఉంది. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోసి, ఆకురాయితో నునుపు చేసి, గీతలు కనిపించడానికి మైలుతుత్తం నీళ్లతో తాత్కాలికంగా నల్లబరచి, ఉలితో చెక్కిన సన్నని గాట్లలో వెండి తీగెను సుత్తితో దిగగొడతారు. చివరికి బీదరు కోట మట్టిలో నవసాగరం కలిపి పూస్తే లోహం కారునలుపుకు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. ఇందులో పోత పోసే చేయి వేరు, చెక్కే చేయి వేరు, పొదిగే చేయి వేరు కావచ్చు. కాబట్టి ఒక్క పేరు సరిపోదు. హెరాత్ బాల్చీ మీద ఉన్నట్టు పని పంచుకున్నవారందరి పేర్లూ ఉండాలి.

2006లో బిద్రీకి దక్కిన భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతోంది. బీదరుకు చెందిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఈ రంగంలో ఒక పేరు దేశమంతటికీ తెలిసింది. మిగిలినవారు కూడా అదే ఉలి, అదే సుత్తి పట్టినవారే. కిలో వెండి లక్ష రూపాయలు దాటిన కాలంలో తీగె కొనడమే భారమైనప్పుడు, కొనేవాడు తమను వెతుక్కుంటూ వచ్చే దారి అయినా వారికి ఉండాలి. పేరు లేని వస్తువుతో ఆ దారి మూసుకుపోతుంది. రెండో కూజా కావాలన్నా నేను మళ్లీ దుకాణం దగ్గరికే వెళ్లాలి.

రాష్ట్ర ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. ప్రభుత్వం అతిథులకు ఇచ్చే బిద్రీ కానుకలకూ, ప్రభుత్వ హస్తకళా విక్రయశాలల్లో అమ్మే వస్తువులకూ అడుగున పనివారి పేర్లు చెక్కి ఉండాలని కొనుగోలు నిబంధనల్లోనే రాయాలి. ఎన్నో ఇళ్ల నుంచి సరుకు కొంటామని, పేర్లు గుర్తుపెట్టుకోలేమని వ్యాపారులు అనవచ్చు. సరుకు ఏ ఇంటి నుంచి వచ్చిందో డబ్బు చెల్లించేటప్పుడు తెలిసినప్పుడు, చెక్కించేటప్పుడు తెలియకపోవడానికి కారణం కనిపించదు. మన సాలార్ జంగ్ మ్యూజియంలో బిద్రీ పాత్రల ముందు నిలబడే పిల్లలకు హుక్కా బుడ్లు, పాన్‌దాన్లు కనిపిస్తాయి. ఈ కాలపు పాత్రలు రేపు అలాంటి అద్దాల వెనుకకు చేరినప్పుడు వాటి మీద పేర్లు కూడా ఉండాలంటే, ఆ పని ఈ కొనుగోళ్లతోనే మొదలు కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
హైదరాబాద్