పురిటి గదిలోకి డబ్బా పాలు ఎలా వస్తున్నాయి: ఆరోగ్య మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

ఏటా ఆగస్టు మొదటి వారంలో హైదరాబాద్ ఆసుపత్రుల గోడల మీద కనిపించే తల్లిపాల నినాదాలన్నీ తల్లులను ఉద్దేశించినవే. బిడ్డకు ఎవరి పాలు పట్టాలో చరిత్రలో తల్లి ఒక్కతే నిర్ణయించుకున్న కాలం దాదాపు లేదు కనుక, ఈ లేఖ మీకు రాస్తున్నాను.

తల్లికి బదులు పాలిచ్చే దాది ఎలా ఉండాలో చరక సంహిత వివరంగా చెప్పింది. 18వ శతాబ్దపు పారిస్‌లో ఎందరో పసివాళ్లను పల్లెల్లోని పాలదాదులకు అప్పగించేవారు. కలవారికి అది హోదా, పనిపాటలు చేసుకునే వారికి తల్లి కూడా సంపాదిస్తే తప్ప పూట గడవని అవసరం. 1867లో హెన్రీ నెస్లే శిశువుల కోసం పాలపిండిని తయారుచేసిన తరువాత డబ్బా పాల వ్యాపారం పెరిగింది, 20వ శతాబ్దంలో పాశ్చాత్య వైద్యులే సీసాపాలను శాస్త్రీయమని సిఫారసు చేశారు. అదే పొడి శుభ్రమైన నీరు దొరకని దేశాలకు చేరి పసిప్రాణాలు పోవడంతో రేగిన ఆగ్రహం నుంచే డబ్బా పాల ప్రచారాన్ని అదుపు చేసే 1981 నాటి అంతర్జాతీయ నియమావళి, ఆ తరువాత మన 1992 చట్టం వచ్చాయి. మన ఇళ్లలోనూ ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించిన పెద్దలు బిడ్డకు మేలనే అలా చేశారు.

బిడ్డకు ఏ పాలు పట్టాలో నిర్ణయించే ఆ పాత్ర ఇప్పుడు ఆసుపత్రికి వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 60 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లు; పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన శిశువులు 40 శాతం కూడా లేరు. కోత నొప్పితో పక్కకు తిరగలేని బాలింతకు బిడ్డను రొమ్ముకు అందించే మనిషి కావాలి. మొదటి రోజు కొద్దిపాటి ముర్రుపాలే బిడ్డ పొట్టకు చాలునని ఎవరూ చెప్పకపోతే, "పాలు పడలేదు" అన్న ఒక్క మాటతో ఇంటివాళ్లు మందుల దుకాణానికి పరుగెడతారు. నిజంగా పాలు చాలని తల్లులు, మందుల వల్ల ఇవ్వలేని తల్లులు ఉన్నారు. వారిని నిందించడం అన్యాయం, వారి బిడ్డలకు హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ఉన్నటువంటి తల్లిపాల బ్యాంకులు మరిన్ని కావాలి.

2003లో సవరించిన ఆ 1992 చట్టం రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలను, ఉచిత నమూనాలను, వైద్య సిబ్బందికి కానుకలను నిషేధించింది. దాన్ని ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రుల్లో తనిఖీ చేయించి, ఉల్లంఘనలపై ఫిర్యాదు తీసుకునే అధికారి పేరును ప్రతి పురిటి వార్డులో తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించండి. సిజేరియన్ తరువాత తొలి గంటల్లో పాలిచ్చేందుకు సాయపడే శిక్షణ పొందిన నర్సు ఉండాలన్నది ఆసుపత్రి అనుమతికి షరతుగా చేర్చండి. గంటలోపు తల్లిపాలు అందిన శిశువుల సంఖ్యను, సిజేరియన్ల సంఖ్యతో పాటు, ఆసుపత్రుల వారీగా ప్రతి మూడు నెలలకూ ప్రకటించమని కోరుతున్నాను.

భవదీయురాలు,
హైదరాబాద్ పౌరురాలు